1901లో దిగిన కృష్ణకుమార్

బోరబండలో మిద్దె మీద ఒక గది. నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు అక్కడ ఉంటూ ఎడిటింగ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాడు. పగలంతా ఫిల్మ్‌నగర్‌లో ఎవరో ఒకరి సిస్టమ్ ముందు, రాత్రిళ్ళు తన లాప్‌టాప్ ముందు. పోయిన ఏడాది వాడి చేతికి ఒక షార్ట్ ఫిల్మ్ ఫుటేజ్ వచ్చింది. కెమెరాలో గడియారానికుండే చిన్న బ్యాటరీ చచ్చిపోయిన సంగతి షూటింగ్‌లో ఎవరూ చూసుకోలేదు. నాలుగు రోజుల పని మొత్తం మీద ఒకటే తారీఖు, 1980 జనవరి 1.

"అన్నా, మా హీరో పుట్టకముందే షూటింగ్ అయిపోయింది చూడు" అని ఫోన్లో నవ్వాడు. మర్నాటికి ఆ నవ్వు లేదు. క్లాప్ బోర్డు మీద సీన్ నంబర్, టేక్ నంబర్ ఉన్నాయి గానీ తేదీ గడి ఖాళీ. టైమ్‌కోడ్ ఉంది గానీ అది గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు మాత్రమే చెప్తుంది. ఇరవై నాలుగ్గంటలు దాటితే మళ్ళీ సున్నాకి వస్తుంది, రోజు అనే మాటే దానికి తెలీదు. చివరికి గోడ మీద పడ్డ నీడల పొడవు చూసుకుంటూ రెండు రాత్రులు కూర్చుని షాట్లని రోజులవారీగా విడగొట్టాడు.

ఇంతకీ 1980 ఎందుకు? మెమరీ కార్డుల్లో వాడే ఫ్యాట్ అనే ఫైల్ పద్ధతికి కాలం అక్కడే మొదలవుతుంది. సంవత్సరానికి ఏడు బిట్లు ఇచ్చారు. ఏడు బిట్లలో 0 నుంచి 127 దాకా పడుతుంది కాబట్టి 1980 నుంచి 2107 వరకే దాని లోకం. సెకన్లకి చోటు చాలక రెండేసి సెకన్ల చొప్పున లెక్కపెడుతుంది. బేసి సెకన్లో ఏం జరిగినా దానికి పట్టదు.

ఈ గొడవ జరిగిన వారంలోనే, 2025 ఏప్రిల్ 4న, 'ఆదిత్య 369' కొత్త 4కె ప్రింటుతో మళ్ళీ విడుదలైంది. ఇద్దరం వెళ్ళాం. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఈ సినిమా మన తరానికి టీవీలో పదిసార్లు చూసిన సినిమా, థియేటర్లో చూడని సినిమా. ఈసారి మాత్రం నేను బాలకృష్ణని వదిలేసి తారీఖులు చూస్తూ కూర్చున్నాను. కృష్ణకుమార్, హేమ ఎక్కిన యంత్రం ముందు 1526కి వెళ్తుంది, కృష్ణదేవరాయల కాలానికి. అక్కణ్ణించి 2504కి, మూడో ప్రపంచయుద్ధం తర్వాత రేడియేషన్‌కి భయపడి మనుషులు భూమి లోపల బతికే రోజులకి.

బయటికొచ్చాక వాడు అడిగాడు. "ఆ మిషన్ మన లాప్‌టాప్‌లాంటిదైతే, 1526 అని కొడితే తీసుకుంటదా?"

ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్నకి జవాబే.

తారీఖుని కంప్యూటర్ తారీఖుగా దాచుకోదు, ఒక్క అంకెగా దాచుకుంటుంది. ఎక్కడో ఒక మేకు కొట్టి, అక్కణ్ణించి ఎన్ని సెకన్లయ్యాయో లెక్కపెడుతుంది. యూనిక్స్ వంశంలోని సిస్టమ్‌లన్నిటికీ, అంటే లినక్స్, మ్యాక్, మన ఫోన్లలోని ఆండ్రాయిడ్, వీటన్నిటికీ ఆ మేకు 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీనిచ్ కాలమానం. హైదరాబాద్‌లో అది పొద్దున్న ఐదున్నర. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎప్పుడైనా 1970 జనవరి 1, 5:30 అని చూపిస్తే ఎవరో తెల్లారుజామున లేచి ఫోటో తీశారని కాదు, అక్కడ సున్నా ఉందని అర్థం.

ఆ అంకెకి మొదట 32 బిట్ల గది ఇచ్చారు. అందులో ఒక బిట్ ప్లస్సా మైనస్సా అని చెప్పడానికే పోతుంది. మిగిలిన 31లో పట్టే పెద్ద అంకె 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అన్ని సెకన్లు 2038 జనవరి 19, మంగళవారంతో అయిపోతాయి. మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. సంక్రాంతి సినిమాలు మొదటి వారం దాటి, కలెక్షన్ల పోస్టర్లు కొట్లాడుకునే రోజు. తర్వాతి సెకన్లో ఆ అంకె మైనస్‌లోకి పల్టీ కొడుతుంది, తేదీ 1901 డిసెంబర్ 13 అవుతుంది.

దీన్ని ముందే ఊహించి మరమ్మతు చేస్తూ వచ్చారు. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు 2014లోనే అన్ని మిషన్ల మీదా 64 బిట్లకి మారారు. లినక్స్ కెర్నల్ 2020లో వచ్చిన 5.6తో పాత 32 బిట్ మిషన్లని కూడా 2038 దాటించింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వేల ప్యాకేజీలని మళ్ళీ కట్టి మరీ మారింది, పాత ఇంటెల్ 32 బిట్ రకాన్ని మాత్రం కావాలనే వదిలేసింది. 64 బిట్ల గది ఎంత పెద్దదంటే అందులో 29,200 కోట్ల సంవత్సరాలు పడతాయి. మన లెక్కలో కల్పం 432 కోట్ల ఏళ్ళు. అంటే బ్రహ్మదేవుడికి 67 పగళ్ళు గడిచినా ఆ గది ఇంకా నిండదు.

అయితే మెమరీలో తిరిగే అంకెని పెద్దది చేయడం ఒక ఎత్తు, డిస్కు మీద రాసి ఉన్న గదిని పెద్దది చేయడం ఇంకో ఎత్తు. ఇక్కడే నాకు ఆసక్తి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఏం చేసిందంటే, నానోసెకన్ల కోసం ఇచ్చిన పక్కగదిలో రెండు బిట్లు ఖాళీగా ఉంటే వాటిని అద్దెకి తీసుకుంది. ఆ రెండు బిట్లతో కాలం నాలుగింతలై 2446 మే 10 దాకా వెళ్ళింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతి 2486 జులై దాకా సాగదీసుకుంది. రెండూ 2504కి అందవు! రెండోదానికి కేవలం 18 ఏళ్ళు తక్కువ. వెనక్కి పోదామంటే ఎక్స్‌ట్4 గతం 1901 డిసెంబర్ 13తో ఆగిపోతుంది. విండోస్ కొంచెం ఉదారం, దాని మేకు 1601లో. అయినా 75 ఏళ్ళ తేడాతో రాయలవారు దానికీ అందరు. (1526 నాటికి అసలు గ్రెగోరియన్ క్యాలెండరే లేదు, అది 1582లో మొదలైంది. కంప్యూటర్లు దాన్ని బలవంతంగా వెనక్కి పరుస్తాయి, అది వేరే కథ.)

మరి ఎక్స్‌ట్4 డిస్కు మీద ఒక ఫైల్‌కి 1526 అని తేదీ పెడితే ఏమవుతుంది? ఇప్పటి లినక్స్ ఎర్రర్ ఇవ్వదు, పేలిపోదు. తను వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి ఆగిపోతుంది. అంటే కృష్ణకుమార్ విజయనగరానికని టికెట్ కొనుక్కుని 1901 డిసెంబర్ 13న దిగుతాడు. అప్పుడు హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి. అక్కణ్ణించి 2504కి బయల్దేరితే 2446లో బ్రేకులు పడతాయి. తెనాలి రామకృష్ణుడూ ఉండడు, పాతాళనగరమూ ఉండదు.

జోకులా ఉంది గానీ సినిమాని చూసే చూపు నాకు ఇక్కడే మారింది. ప్రతి గడియారమూ రెండు సంగతులు చెప్తుంది: ఏ గతాన్ని పట్టించుకోదో, ఏ భవిష్యత్తులో తను ఉండనని అనుకుంటోందో. సినిమాకి కూడా అలాంటి మేకూ, అలాంటి అంచూ ఉంటాయి. 'ఆదిత్య 369'లో గతం బరువైనది. రాయల కాలపు వజ్రం 1991లో దొంగలని పుట్టిస్తుంది. 1526లో దిగిన హీరోకి చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లు ముందే తెలుసు. ప్రేక్షకుడికీ తెలుసు, నవ్వు పుట్టేదే అందువల్ల. 2504కి వచ్చేసరికి ఆ చనువు పోతుంది. తెల్లటి గదులు, లైట్లు, పద్ధతిగా నడిచే మనుషులు. అక్కడ మనకి చుట్టం ఒక్కడూ లేడు. 978 ఏళ్ళు గంతేసే యంత్రంలో ముందుకు వెళ్ళే గేర్ కంటే వెనక్కి వెళ్ళే గేరే బాగా పనిచేసింది. ఆ సినిమాని ఎంత ఇష్టపడ్డా ఈ మాట అనకుండా ఉండలేను.

రాయల కాలంలో తారీఖులు ఎలా దాచేవాళ్ళో చూస్తే ఇంకా తమాషా. మన సిద్ధాంత గణితంలో అహర్గణం అని ఒకటుంది. ఒక మేకు నుంచి ఇవ్వాళ్టికి ఎన్ని రోజులు గడిచాయన్న ఒకే ఒక్క అంకె. మేకు క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి, కలియుగారంభం. సెకన్ల బదులు రోజులు, అంతే తేడా. యూనిక్స్ మేకైన 1970 జనవరి 1 నాటికి కలి అహర్గణం 18 లక్షల 52 వేల 122. ఆర్యభటుడు తన వయసు చెప్పుకున్నది కూడా ఈ మేకు నుంచే: కలిలో 3600 ఏళ్ళు గడిచేసరికి తనకి 23 ఏళ్ళు. అంటే క్రీ.శ. 499.

ఈ అంకె పెద్దదవుతుంటే చేత్తో లెక్కలు వేసేవాడికి నరకం. కృష్ణకుమార్ దిగాల్సిన 1526కి ఆరేళ్ళ ముందు, 1520లో, కొంకణ తీరంలోని నందిగ్రామంలో గణేశ దైవజ్ఞుడు 'గ్రహలాఘవం' రాశాడు. పేరులోనే ఉంది లాఘవం. ఆయన కలి నుంచి లెక్కపెట్టడం మానేసి తన కాలంలోనే కొత్త మేకు కొట్టుకున్నాడు. 11 ఏళ్ళకి, అంటే 4016 రోజులకి, ఒక చక్రం అన్నాడు. ఎన్ని చక్రాలయ్యాయో విడిగా, మిగిలిన రోజులు ఎన్నో విడిగా. రోజుల అంకె ఎప్పటికీ 4016 దాటదు. ఓవర్‌ఫ్లో అనే మాట పుట్టకముందే ఓవర్‌ఫ్లోని అదుపులో పెట్టిన పద్ధతి ఇది. ఇప్పటి జీపీఎస్ ఉపగ్రహాలు చేసేదీ దాదాపు ఇదే, వారాల్ని 1024 దాకా లెక్కపెట్టి సున్నాకి వస్తాయి. 1999లో ఒకసారి, 2019లో ఒకసారి తిరిగాయి, మళ్ళీ 2038 నవంబర్‌లో. తేడా ఏమిటంటే గణేశుడు చక్రాల సంఖ్యని పక్కన రాసుకున్నాడు. జీపీఎస్ పాత సిగ్నల్ ఆ పని వినేవాడికే వదిలేసింది.

మన అరవై సంవత్సరాల పేర్లు కూడా అలాంటి చక్రమే. ప్రభవ నుంచి అక్షయ దాకా వెళ్ళి మొదటికొస్తుంది. పేరొక్కటే చెప్తే ఏ అరవై అన్నది తెలీదు. వైటూకే గొడవలో రెండంకెల సంవత్సరానికి వచ్చిన చిక్కే ఇది. 'కల్కి' విడుదలైన 2024, 'ఆదిత్య 369'లో వచ్చే 2504, రెండూ క్రోధి నామ సంవత్సరాలే. అందుకే శాసనాల్లో పేరొక్కటే రాయలేదు, శకవర్షం అంకె, సంవత్సరం పేరు, మాసం, తిథి అన్నీ చెక్కించారు. హంపి విరూపాక్షాలయంలో కృష్ణదేవరాయల పట్టాభిషేకం ప్రస్తావన ఉన్న శాసనం మీద అంకె శకం 1430. పేరు మాత్రం శుక్ల. లెక్కవేస్తే శుక్ల 1431 గతశకానికి వస్తుంది, క్రీ.శ. 1509-10. అంకెకీ పేరుకీ ఒక ఏడాది పొసగడం లేదు. రెండూ ఉన్నాయి కాబట్టే పొసగడం లేదని మనకి తెలిసింది. ఒక్కటే ఉంటే తప్పుని తప్పని కూడా తెలీకుండా నమ్మేవాళ్ళం.

ఇక 'కల్కి 2898 ఏడీ'. ఇది తారీఖునే పేరుగా పెట్టుకున్న సినిమా. మొదలయ్యేది సరిగ్గా ఆ కలి మేకు దగ్గరే, కురుక్షేత్రం ముగిసిన చోట. 3102 నుంచి 2898 దాకా 6000 ఏళ్ళ ప్రయాణమని నాగ్ అశ్విన్ అప్పట్లో చెప్పారు. 3102కి 2898 కలిపితే సరిగ్గా 6000. కానీ క్రీస్తుపూర్వం 1 తర్వాత వచ్చేది క్రీ.శ. 1, మధ్యలో సున్నా సంవత్సరం లేదు. కాబట్టి గడిచినవి 5999. ఒకటి తేడా వచ్చింది, ప్రోగ్రామర్లు రోజూ చేసే తప్పే. తప్పు పట్టేముందు పంచాంగం అడిగితే వేరేలా చెప్తుంది. గడిచినవి వేరు, నడుస్తున్నది వేరు. 2898లో గతకలి 5999, నడుస్తున్నది ఆరువేలవ ఏడు. ఆ రకంగా సినిమా పేరు సరైనదే. తెలిసి పెట్టారో లేదో గానీ లెక్క మాత్రం పంచాంగకర్తలది.

కలియుగం నిడివి పురాణాల ప్రకారం 4 లక్షల 32 వేల ఏళ్ళు. ఆ లెక్కన కల్కి రావడానికి క్రీ.శ. 4,28,899 అవ్వాలి. సినిమా దాన్ని 6000కి కుదించింది. అది కథకుడి హక్కు. నా ఫిర్యాదు వేరే. ఇంత పెద్ద అంకెని టైటిల్‌లో పెట్టి, కథలో దానికి పని ఇవ్వలేదు. కాశీ ఉంది, కాంప్లెక్స్ ఉంది, శంబల ఉంది, ఎండిపోయిన గంగ ఉంది. వాటిలో ఏదీ 2898 వల్ల జరగదు. 2600 అన్నా, 3400 అన్నా ఒక్క డైలాగ్ మార్చక్కర్లేదు. అటువైపు 3102కి మాత్రం బోలెడు పని. శాపం అక్కడిది, మణి అక్కడిది, అమితాబ్ మొహంలోని అలసట అక్కడిది. అశ్వత్థామని చూస్తే, ఎప్పుడో మొదలుపెట్టి ఆపడం కుదరని ప్రాసెస్‌లా వెనకాల నడుస్తూనే ఉంటాడు. సినిమా మొత్తంలో కాలం గడిచినట్టు అనిపించేది ఆయన ఒంటి మీదే. సింగీతం ఈ సినిమాకి మార్గదర్శిగా ఉన్నారు. 33 ఏళ్ళ తర్వాత కూడా మన టైమ్ మిషన్‌కి వెనక గేరే బాగా పడుతోంది.

మరి సొంత గతాన్ని, పురాణంలో లేని దాన్ని, పోస్టర్లూ రీళ్ళూ ఉన్న దాన్ని మన సినిమా ఎలా దాచుకుంది? మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. విడుదల 1931 సెప్టెంబర్ 15 అని ఏళ్ళ తరబడి అన్ని పుస్తకాల్లో ఉంది, ఆ రోజే పండగా చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ రికార్డులూ తవ్వి అది తప్పని చూపించారు. సెన్సార్ అయింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. నాలుగున్నర నెలల తేడానే కదా అనుకోవచ్చు. కానీ మధ్యలో, 1931 అక్టోబర్ 31న, తమిళంతో పాటు తెలుగు మాటలు కూడా ఉన్న 'కాళిదాస్' వచ్చింది. తారీఖు మారితే ఎవరు ముందు ఎవరు వెనక అన్నదే మారిపోతుంది. బోరబండ కుర్రాడు నీడలు కొలిచి తేల్చుకున్నది కూడా ఇదే కదా, ఏ షాట్ ముందు, ఏది వెనక.

'భక్త ప్రహ్లాద' ప్రింటు లేదు. సినిమా ఉంటే దాని మీద సెన్సార్ సర్టిఫికెట్ ఉండేది, ఇన్నేళ్ళ వాదం ఉండేది కాదు. హంపి శాసనంలో అంకె తప్పితే పేరు పట్టుకుంది, ఇక్కడ పట్టుకోవడానికి రెండోది మిగల్లేదు. 1932 ఫిబ్రవరి 6ని యూనిక్స్ గడియారం మీద రాస్తే మైనస్ 119 కోట్ల 61 లక్షల 21 వేల 600. 32 బిట్లలో ఈ అంకె హాయిగా పడుతుంది. అయినా చాలా ప్రోగ్రాములు మైనస్ తారీఖుని చూడగానే తప్పు అని తిప్పికొడతాయి. 1970కి ముందు కూడా మనుషులున్నారన్న సంగతి రాసినవాళ్ళకి తట్టలేదు. తెలుగు సినిమాల జాబితాకి ఒక చిన్న సైట్ కట్టబోయి ఒక సాయంత్రమంతా నేను దీనితోనే కుస్తీ పట్టాను. 'మాయాబజార్', 'దేవదాసు', 'మల్లీశ్వరి' అన్నీ మైనస్‌లోనే ఉన్నాయి.

ఎడిట్ గదుల్లో తిరిగే ఎమ్‌ఓవీ ఫైళ్ళకి ఇంకో మేకు ఉంది. పాత మ్యాక్‌ల నుంచి వచ్చిన క్విక్‌టైమ్ పద్ధతి అది. 1904 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. మైనస్ లేని 32 బిట్లు. కొత్త రకం హెడర్‌లో 64 ఉన్నాయి గానీ పాత రకం రాసే పరికరాలు ఇంకా బోలెడు. ఆ పాత గది నిండేది 2040 ఫిబ్రవరి 6న, మన టైము ఉదయం 11:58:15కి, మార్నింగ్ షో నడుస్తుండగా. తెలుగు టాకీ అసలు పుట్టినరోజున, సరిగ్గా 108 ఏళ్ళకి. యాదృచ్ఛికమే. ఆ తర్వాతి సెకన్లో తీసిన షాట్ 1904లో తీసినట్టు ఉంటుంది, అప్పటికి తెలుగులో సినిమానే లేదు.

ఈ సంగతి చెప్తే మావాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు. "2040 దాకా ఆ హార్డ్‌డిస్క్ బతికుంటే గదా అన్నా" అన్నాడు. వాడి షార్ట్ ఫిల్మ్ ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. అసలు ఫుటేజ్ నిర్మాత దగ్గర ఒక డిస్కులో ఉంది, దానికి కాపీ లేదు. ఫైళ్ళ మీద తేదీ 1980 జనవరి 1 అనే ఉంది. వాడు ఫోల్డర్ల పేర్లు మాత్రం మార్చాడు: మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు. తను చేరిన కొత్త యూనిట్‌లో రోజూ మొదటి షాట్‌గా ఆ పొద్దుటి పేపర్‌ని కెమెరా ముందు పెట్టి ఐదు సెకన్లు తీయమని అడిగాడట. కిడ్నాప్ సినిమా అనుకుంటున్నావా అని నవ్వారట గానీ తీస్తున్నారు.